బిగిస్తే ఆగని చుక్క

పాత్రలో 40 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లుంటే, అడుగున బిగించిన కుళాయి మీద ఆ నీళ్లు మోపే ఒత్తిడి ఎంత? సుమారు 4 కిలోపాస్కళ్లు. గాలి మన ఒంటి మీద ఎప్పుడూ మోపుతూ ఉండే ఒత్తిడిలో ఇది ఇరవై ఐదో వంతు. మేడ మీది ట్యాంకు నీళ్లు 6 మీటర్లు దిగి వంటింటి కుళాయికి చేరితే, అక్కడి ఒత్తిడి దీనికి పదిహేను రెట్లు. ఆ కుళాయి అతుకులు ఏళ్ల తరబడి చుక్క రాల్చకుండా నిలుస్తాయి. అలాంటిది, ఇంత కాస్త ఒత్తిడికే బీరు కాచే స్టీలు పాత్రల కుళాయిలు ఎందుకు కారతాయి? ఎంత బిగించినా ఎందుకు ఆగవు? ఒత్తిడిని చూసుకుంటూ కూర్చుంటే జవాబు దొరకదు. నీరు ఏ దారిన వస్తోందో చూడాలి.

ముందు ఆ పాత్ర సంగతి. అమెరికాలో ఇంట్లో బీరు కాచుకోవడం లక్షలమంది అభిరుచి. 1978 అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం దీనికి దారి తెరిచింది. పెద్దవారు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గాలన్లు పన్ను లేకుండా కాచుకోవచ్చు. అదే ఏడాది కొలరాడోలోని బౌల్డర్‌లో చార్లీ పపాజియన్ అమెరికన్ హోమ్‌బ్రూయర్స్ అసోసియేషన్‌కు పునాది వేశాడు. రాష్ట్రాలన్నీ ఒప్పుకోవడానికి మాత్రం 2013 దాకా పట్టింది. చివరగా సరేనన్నవి మిసిసిపీ, అలబామా. మన రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాలు లైసెన్సు లేని తయారీని నేరంగానే చూస్తాయి కాబట్టి ఈ పాత్రలు ఉండే చోటు అమెరికా ఇళ్ల గ్యారేజీలే. కానీ వాటి అతుకు మనకు కొత్తది కాదు. మేడ మీది ప్లాస్టిక్ ట్యాంకుకు ప్లంబరు బిగించే ట్యాంక్ నిపుల్ ఉంది చూశారూ, అచ్చం అదే. గోడకు రంధ్రం, అందులోంచి మరలున్న గొట్టం, లోపలొక నట్టు, బయటొక నట్టు, మధ్యలో రబ్బరు వాషరు. తేడా ఏమిటంటే ట్యాంకులో ఉండేది చన్నీళ్లు. ఇక్కడ మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ నుంచి తీసిన తియ్యటి రసం, వర్ట్, గంటసేపు తెర్లుతుంది. పాత్ర కింద భగభగా మంట.

ఈ పాత్రలు సాధారణంగా 30, 40 లీటర్లు పట్టేవి. గోడ మందం ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. అంత పల్చటి రేకుకు మర కొయ్యడం కుదరదు. వెల్డింగు చేయించడం ఖర్చుతో కూడిన పని, అందరికీ అందుబాటులో ఉండదు. అందుకే చాలామంది వెల్డింగు లేని అతుకునే నమ్ముకుంటారు. నమ్మదగినదే, అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే.

నీరు సందులోంచి ఎలా పారుతుందో ఒకసారి లెక్క వేద్దాం. రెండు చదునైన లోహపు ముఖాల మధ్య 0.05 మిల్లీమీటర్ల సందు ఉందనుకోండి. సన్నటి తలవెంట్రుక మందం. ఆ సందు వెడల్పు ఒక సెంటీమీటరు, నీరు దాటాల్సిన దూరం 5 మిల్లీమీటర్లు, పైన 30 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు. సెకనుకు ఒక చుక్కకు కాస్త పైగా వస్తుంది. గంటకు దాదాపు పావు లీటరు. ఇప్పుడు ఆ సందును రెట్టింపు చెయ్యండి. కారడం రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ఎందుకంటే పారే పరిమాణం సందు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. సందును సగం చేస్తే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. లీకు మరమ్మతుకు ఆశ ఇచ్చేదీ, మోసం చేసేదీ ఈ ఘనమే. కాస్త బిగించగానే కారడం ఒక్కసారిగా తగ్గుతుంది కాబట్టి, ఇంకాస్త బిగిస్తే పూర్తిగా ఆగుతుందని చెయ్యి నమ్ముతుంది. కానీ ఎనిమిదో వంతు సున్నా కాదు.

దీనికి వేడి తోడవుతుంది. 20 డిగ్రీల నీటితో పోలిస్తే 100 డిగ్రీల నీటి చిక్కదనం నాలుగో వంతుకు కాస్త ఎక్కువ, అంతే. కాబట్టి అదే సందులోంచి, అదే ఒత్తిడికి, మరిగే నీరు మూడున్నర రెట్లు వేగంగా పారుతుంది. తలతన్యత కూడా తగ్గుతుంది. మరీ సన్నటి సందు అంచున తలతన్యత నీటిని కాసేపు పట్టి ఉంచగలదు. బయట గోడ పొడిగా ఉన్నంతసేపే ఆ పట్టు. వేలితో ముట్టుకున్నా, తడి గుడ్డ తగిలినా నీటికి బయట తడి దారి దొరికి కారడం మొదలవుతుంది. చన్నీళ్లు పోసి పది నిమిషాలు చూసి, పొడిగా ఉందని సంతోషించినవాళ్లకు మరిగే వేళ కుళాయి కింద చుక్కలు కనబడడంలో వింతేమీ లేదు.

ఇక దారులు. ఈ అతుకులో నీటికి రెండు దారులున్నాయి. మొదటిది అందరికీ తట్టేది: పాత్ర గోడకూ వాషరుకూ మధ్య. రెండోది మర వెంట. నట్టు లోపలి మరకూ గొట్టం బయటి మరకూ మధ్య, చుట్టూ చుట్టూ తిరుగుతూ సాగే సన్నటి సొరంగం అది. అర అంగుళం పైపు బయటి వ్యాసం 21.3 మిల్లీమీటర్లు, ఒక్కో చుట్టు 67 మిల్లీమీటర్లు. ఆరు చుట్లు కలిస్తే 40 సెంటీమీటర్ల సొరంగం. నట్టును ఎంత బిగించినా ఆ సొరంగం మూసుకోదు. బిగించినప్పుడు మర పళ్లు ఒక పక్కకే ఒరిగి గట్టిగా ఒత్తుకుంటాయి, రెండో పక్క సందు ఇంకా తెరుచుకుంటుంది. మొదలు నుంచి కొస దాకా ఒకే లావున ఉండే మర పని పట్టుకోవడం. నీటిని ఆపడం దాని పని కాదు. ఈ ఒక్క ముక్క గట్టిగా మనసులో పెట్టుకుంటే సగం మరమ్మతు అయిపోయినట్లే.

అయితే పైపుల మరలు నీటిని ఆపుతున్నాయి కదా అంటారా? ఆ మర వేరు. అమెరికా పైపు మరను 1860ల్లో రాబర్ట్ బ్రిగ్స్ అనే ఇంజనీరు రూపొందించాడు, 1886లో అక్కడి పరిశ్రమ దాన్ని ప్రమాణంగా తీసుకుంది. అది కొసకు పోనుపోను సన్నబడుతుంది, 16 కొలతల పొడవుకు ఒక కొలత చొప్పున. తిప్పేకొద్దీ మేకులా బిగుసుకుంటుంది. అప్పుడు కూడా మర శిఖరానికీ ఎదుటి మర లోయకూ మధ్య కొద్దిపాటి ఖాళీ ఉంటుంది. దాన్ని నింపేదే మనం చుట్టే టెఫ్లాన్ టేపు. మన ప్లంబర్లు సఫేదా, జనపనార పెట్టి చేసే పనీ అదే.

టెఫ్లాన్ పుట్టుకలో కూడా లీకు అనుమానం ఉంది. 1938 ఏప్రిల్ 6న న్యూజెర్సీలోని డ్యూపాంట్ ప్రయోగశాలలో రాయ్ ప్లంకెట్ ఒక గ్యాస్ సిలిండరు వాల్వు తెరిస్తే ఏమీ రాలేదు. గ్యాస్ కారిపోయి ఉంటే బరువు తగ్గాలి, బరువు తగ్గలేదు. సిలిండరును కోసి చూస్తే లోపల తెల్లటి, జారుడు పొడి. గ్యాస్ తనంతట తానే పాలిమరుగా మారింది. ఆ పదార్థం 327 డిగ్రీల దాకా కరగదు, వర్ట్‌లోని ఆమ్లానికి లొంగదు. మన అతుకులో దానికి ఇంకో మేలైన పని కూడా ఉంది. స్టీలు మీద స్టీలు రాపిడి అయినప్పుడు, తుప్పును అడ్డుకునే క్రోమియం ఆక్సైడు పొర చెరిగిపోయి, కింది లోహం లోహాన్ని పట్టేసుకుంటుంది. చల్లగా ఉండగానే వెల్డింగు అయినట్లు నట్టు బిగుసుకుపోతుంది, మరలు చిరిగిపోతాయి. లీకు ఆపాలని కండబలం వాడినవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా ఈ మరలనే. టేపు ఆ రెండు లోహాల మధ్య జారుడు పొరగా నిలుస్తుంది. మర కొస మన ముఖం వైపు పెట్టుకుని, గడియారం ముల్లు తిరిగే వైపు, మూడు నాలుగు చుట్లు లాగి పట్టి చుట్టాలి. మొదటి మరను ఖాళీగా వదిలెయ్యాలి, టేపు పీలికలు రసంలోకి రాకుండా. ఎదురు దిశలో చుడితే బిగిస్తున్నప్పుడే టేపు విప్పుకుంటూ బయటికి తోసుకొస్తుంది.

అమెరికాలో ఉండే మనవాళ్లకూ, అక్కడి నుంచి సామాను తెచ్చుకునేవాళ్లకూ ఇక్కడొక మాట. మన దేశంలో వాడే పైపు మర బ్రిటిష్‌ది, 1841 నాటి విట్‌వర్త్ మర వారసత్వం. దాని పళ్ల కోణం 55 డిగ్రీలు, అమెరికాది 60. అర అంగుళం సైజులో రెండింటికీ అంగుళానికి 14 చుట్లే. బ్రిటిష్ పైపు వ్యాసం 20.96 మిల్లీమీటర్లు, అమెరికాది 21.34. అంటే హైదరాబాదులో కొన్న స్టీలు వాల్వు అమెరికా నిపుల్ మీద మూడు నాలుగు చుట్లు హాయిగా ఎక్కేస్తుంది. సరిపోయిందనే అనిపిస్తుంది. కానీ పళ్లు అంచుల మీదే ఆనుతాయి, కోణాల తేడా మేరకు చుట్టు పొడవునా సందు మిగిలిపోతుంది. దీనికి ఎన్ని చుట్లు టేపు చుట్టినా పూర్తి భరోసా ఉండదు. జత మార్చడమే మందు.

మళ్లీ గోడ దగ్గరికి వద్దాం. రెండు దారుల్నీ ఒకేసారి మూయాల్సింది ఓ-రింగు అనే రబ్బరు చక్రం. డెన్మార్క్ నుంచి అమెరికాకు వలస వెళ్లిన నీల్స్ క్రిస్టెన్సెన్ 72 ఏళ్ల వయసులో, 1937లో, దీని పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు, 1939లో వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో విమానాల హైడ్రాలిక్ వ్యవస్థలకు ఈ చిన్న చక్రం ఆధారమైంది. దాని గొప్పతనం ఏమిటంటే, రబ్బరును నొక్కితే దాని ఘనపరిమాణం తగ్గదు. ఒక వైపు నొక్కితే ఇంకో వైపు ఉబ్బుతుంది. ద్రవం ఒత్తిడి పెరిగేకొద్దీ రింగు సందులోకి ఇంకా గట్టిగా తోసుకుని సందును ఇంకా బాగా మూస్తుంది. విమానాల్లో అలా జరిగింది. మన పాత్రలో ఉన్న 4 కిలోపాస్కళ్లకు అంత శక్తి లేదు. ఇక్కడ రింగుకు ద్రవం సాయం చెయ్యదు. మనం బిగించేటప్పుడు ఇచ్చిన నొక్కుడే దానికి మొదటి ఆధారం, చివరి ఆధారం. ఒత్తిడి తక్కువ కాబట్టి ఈ అతుకు సులువు అనుకుంటాం. ఒత్తిడి తక్కువ కావడమే దీని కష్టం.

ఎంత నొక్కుడు కావాలి? కదలని అతుకుల్లో రింగు మందంలో ఐదో వంతు అటూ ఇటూ. 3.5 మిల్లీమీటర్ల మందపు సిలికోన్ రింగు అయితే 0.7 మిల్లీమీటర్లు. ఇప్పుడు పాత్ర గుండ్రటిది, వాషరు చదునైనది అన్న సంగతి గుర్తు చేసుకోవాలి. 40 సెంటీమీటర్ల వ్యాసమున్న పాత్ర గోడ మీద 28 మిల్లీమీటర్ల వెడల్పు చదును బిళ్లను ఆనిస్తే, నిలువు గీత వెంట అది గోడను తాకుతుంది. కుడి, ఎడమ అంచుల దగ్గర అర మిల్లీమీటరు ఎడం ఉంటుంది. అంటే రింగు పైనా కిందా 0.7 మిల్లీమీటర్లు నలిగితే, పక్కల నలిగేది 0.2 మాత్రమే. గోడ వంపు నొక్కుడులో మూడింట రెండు వంతులకు పైగా తినేసింది. 30 సెంటీమీటర్ల పాత్రలో ఆ ఎడం 0.65 మిల్లీమీటర్లు, పక్కల దాదాపు ఏమీ మిగలదు. అందుకే చిన్న పాత్రలే ఎక్కువ ఏడిపిస్తాయి.

ఇలా పక్కనుంచి వచ్చిన నీరు నట్టు అంచు పట్టుకుని కిందికి జారి, అడుగున చుక్క కడుతుంది. కారేది అడుగునే అనుకుని అక్కడే చూస్తూ ఉంటే దారి తెలియదు. టార్చిలైటు వేసి, మెత్తటి టిష్యూ కాగితం కొసను నట్టు చుట్టూ గడియారం అంకెల్లా ఒక్కో చోట ఆనించి చూడండి. మూడు, తొమ్మిది దగ్గర తడిస్తే గోడ వంపు. కుళాయి గొట్టానికీ నట్టుకూ మధ్య, మర బయటికి వచ్చే చోట తడిస్తే సొరంగం దారి. వాల్వు పిడి కాడ దగ్గర తడిస్తే అతుకు తప్పేమీ లేదు, వాల్వు సీలు అరిగింది. నీళ్లలో కాస్త నీలం ఫుడ్ కలర్ వేస్తే కాగితం మీద ఇంకా తేటగా కనిపిస్తుంది.

రంగు వెయ్యడానికి ఇంకో కారణం కూడా ఉంది. చన్నీళ్ల పాత్రను మంట మీద పెట్టిన కొత్తలో బయట గోడంతా చెమ్మ పట్టి నీళ్లు కారతాయి. అది లీకు కాదు. ప్రొపేన్ మండితే నీరు పుడుతుంది: 44 గ్రాముల ప్రొపేన్ నుంచి 72 గ్రాముల నీరు. కిలో గ్యాస్ కాలితే కిలోన్నరకు పైగా నీటి ఆవిరి గాల్లోకి చేరుతుంది, దాంట్లో కొంత చల్లటి స్టీలును తాకి ద్రవంగా మారుతుంది. మన వంటింట్లో చన్నీళ్ల గిన్నెను గ్యాస్ పొయ్యి మీద పెట్టగానే అడుగు తడిసేది కూడా ఇందుకే. పాత్ర వేడెక్కితే అదే పోతుంది. రంగు లేని నీరు కారుతోందంటే స్పానర్ ముట్టుకోవాల్సిన పనే లేదు.

దీనికి తిరగబడ్డ మోసం ఒకటుంది. లీకు దానంతటదే ఆగిపోవడం. వర్ట్ నిండా చక్కెరలు, ప్రొటీన్లు; సన్నటి సందులోంచి వస్తూ వేడి గోడ మీద ఆరి, ముదురు గోధుమ రంగు పాకంలా గట్టిపడి సందును మూసేస్తుంది. బాగైందనుకుంటాం. తర్వాత క్షారపు పొడితో పాత్ర కడగగానే ఆ పాకం కరిగి లీకు మళ్లీ మొదలవుతుంది. కడగకపోతే ఇంకా చేటు. మర సొరంగంలో మిగిలిన తీపి లాక్టోబాసిల్లస్ లాంటి బాక్టీరియాకు ఇల్లవుతుంది.

చలీ వేడీ కూడా రింగుతో ఆడుకుంటాయి. 80 డిగ్రీలు వేడెక్కితే 40 సెంటీమీటర్ల స్టీలు అర మిల్లీమీటరు పెరుగుతుంది. సిలికోన్ పెరుగుదల స్టీలుకు పది రెట్లకు పైనే. కాబట్టి మరిగేటప్పుడు రింగు ఉబ్బి గట్టిగా కూర్చుంటుంది, చల్లారగానే వదులవుతుంది. పలుమార్లు ఇలా వేడెక్కి చల్లారితే రింగు తన గుండ్రటి అడ్డుకోత పోగొట్టుకుని, నలిగిన ఆకారంలోనే ఉండిపోతుంది. విప్పి, వేళ్ల మధ్య తిప్పి చూడండి. ఒక ముఖం చదునుగా మారి ఉంటే దాని పని అయిపోయింది. బిగించి లాభం లేదు, కొత్తది వెయ్యాలి. బయటి వైపు పెట్టిన రింగు నల్లబడి పగుళ్లు వేస్తే అది మంట చేసిన పని. సిలికోన్ 200 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. పాత్ర పక్కల నుంచి పైకి లేచే మంట నాలుక అంతకన్నా ఎంతో వేడి. మంట తగ్గించడమో, కుళాయి ముందు రేకు అడ్డం పెట్టడమో, రింగును లోపలి వైపుకు మార్చడమో చెయ్యాలి. లోపల ఎప్పుడూ రసం ఉంటుంది కాబట్టి వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది.

మరమ్మతు మొదలయ్యేది రంధ్రం దగ్గర. డ్రిల్లు వేసిన అంచున గరుకు మిగిలి ఉంటే అది కొత్త రింగును మొదటి బిగింపులోనే కోసేస్తుంది. వేలి గోరుతో అంచు వెంట తడిమితే తెలుస్తుంది. సన్నటి ఆకురాయితో రెండు వైపులా నున్నగా చెయ్యాలి. కొత్తగా రంధ్రం వేసేవాళ్లు మెట్ల డ్రిల్లు బిట్టును నెమ్మదిగా, గట్టిగా నొక్కి, నూనె వేస్తూ తిప్పాలి. వేగంగా తిప్పితే 304 రకం స్టీలు రాపిడికి గట్టిపడిపోయి బిట్టునే అరగదీస్తుంది.

తర్వాత రింగు కూర్చునే తీరు. చదును వాషరు కింద రింగును బిగిస్తే అది నలిగి బయటికి జారిపోతుంది. గాడి ఉన్న వాషరు గానీ నట్టు గానీ కావాలి. ఆ గాడి రింగును లోపలి వైపుకు తోసి, ఒకేసారి మూడింటికీ ఆనేలా చేస్తుంది: పాత్ర గోడకు, గాడికి, గొట్టం మరకు. మూడో స్పర్శ ఉన్నప్పుడే సొరంగం మొదట్లోనే మూతపడుతుంది. గొట్టం మీద రింగు కాస్త లాగితేనే ఎక్కేంత బిగువుగా ఉండాలి. గోడ వంపు బాధించే చిన్న పాత్రలకు ఇంకాస్త మందపు రింగు, అదే వ్యాసంలో, మేలు చేస్తుంది. 5 మిల్లీమీటర్ల మందంలో ఐదో వంతు అంటే 1 మిల్లీమీటరు నొక్కుడు, అందులో వంపు సగం పైన తిన్నా ఇంకా మిగులుతుంది.

బిగించేటప్పుడు రింగు ఉన్న వైపు నట్టును స్పానర్‌తో కదలకుండా పట్టుకుని, రెండో వైపు నట్టును తిప్పాలి. రింగుకు ఆనే ముక్క తిరిగితే దానితో పాటు రింగు మెలిపడుతుంది. చేత్తో బిగిసినంత బిగించి, ఆపై స్పానర్‌తో పావు చుట్టు నుంచి అర చుట్టు. రింగు అంచు కొద్దిగా ఉబ్బినట్లు కనబడితే చాలు. మరుగుతున్న పాత్ర అతుకు మీద మాత్రం స్పానర్ వెయ్యకండి. మొత్తం గొట్టమే తిరిగిపోతే 20 లీటర్ల మరిగే రసం కాళ్ల మీదికి వస్తుంది. చుక్కలు పడుతుంటే కింద గిన్నె పెట్టి, ఆ పూటకు కానిచ్చి, చల్లారాక విప్పడమే.

నట్టు ఏ లోహం అన్నది కూడా చూసుకోవాలి. కరెంటు పైపులకు వాడే జింకు పూత నట్లు చవకగా దొరుకుతాయని వేస్తుంటారు. వర్ట్ పీహెచ్ 5కు కాస్త ఎక్కువ, ఆ ఆమ్లానికి జింకు కరుగుతుంది. ఇత్తడి నట్టు స్టీలు మర మీద పట్టేసుకోదు, అది దాని సుగుణం. కానీ మర తేలిగ్గా కొయ్యడానికి ఇత్తడిలో కాస్త సీసం కలుపుతారు. తినే వస్తువు తగిలే చోట నేనైతే స్టీలు నట్టే వాడి, టేపు మీద ఆధారపడతాను.

ఇవేవీ కుదరనివాళ్లకు టంకం ఉంది. తగరంలో 4 శాతం దాకా వెండి కలిపిన టంకం 221 డిగ్రీల దగ్గర కరుగుతుంది. లోపల నీళ్లున్నంత వరకు అతుకు ఆ వేడికి చేరదు. స్టీలు మీది ఆక్సైడు పొరను తినెయ్యడానికి ఘాటైన ఆమ్లపు ఫ్లక్సు వెయ్యాలి, పని అయ్యాక దాన్ని బాగా కడిగెయ్యాలి. రేడియో రిపేరు షాపుల్లో దొరికే సీసం టంకాన్ని దీని దరిదాపులకు రానివ్వకూడదు. మంచినీటి గొట్టాల్లో దాన్ని అమెరికా 1986లోనే నిషేధించింది. టంకం వేసిన అతుకులో రింగు లేదు, సొరంగం లేదు. ఖాళీ పాత్రను మంట మీద మరిచిపోతే మాత్రం కరిగి ఊడిపోతుంది.

అన్నీ అయ్యాక పరీక్ష మూడు మెట్లలో చెయ్యాలి. కుళాయి మునిగేలా చన్నీళ్లు నింపి, కింద పొడి కాగితం పరిచి రాత్రంతా వదలండి. పొద్దున పావు గంట మరిగించండి. పూర్తిగా చల్లారనిచ్చి మళ్లీ కాగితం చూడండి. పాత రింగు దొరికిపోయేది ఈ మూడో మెట్టులోనే. ఇక కుళాయిగా బిగించే బాల్ వాల్వు సంగతి. మూసినప్పుడు దాని బంతి రంధ్రంలో కొంత రసం చిక్కుకుంటుంది. మూడు ముక్కల వాల్వు అయితే నాలుగు బోల్టులు విప్పి బంతిని చేతిలోకి తీసుకోవచ్చు. బంతి చుట్టూ, తెల్లటి టెఫ్లాన్ సీటు వెనక, గోధుమ రంగు జిగురు పొర కనిపిస్తే కడిగి, ఆరబెట్టి, సీట్లను అవే వైపులకు పెట్టి, బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించండి.